ఆ మాట కట్టింది ఎవరు?

పోయిన వారం మనం చిట్టక్కని పెళ్లి కార్డుల షాపులో, కౌంటరు వెనక, చేతిలో గమ్ము సీసాతో నిలబడ్డ చోట వదిలేశాం. ఎదురుగా ఒక టైలరమ్మ ఉంది. ఆమె చేతిలో చిట్టక్క చెల్లెలి పెళ్లి కార్డు ఉంది.

ఈ వారమే కథలోకి వచ్చిన వాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. చిట్టక్కకి ముప్పై ఆరేళ్లు. పదమూడేళ్లుగా ఆ షాపులో కార్డుల మీదకి మాటలు రాస్తోంది, అచ్చుతప్పులు దిద్దుతోంది. ఈమధ్య ప్రతి పెళ్లికీ ఒక హ్యాష్‌ట్యాగ్ కావాలంటున్నారు గనక అది కట్టిపెట్టే పని కూడా ఆమె నెత్తినే పడింది. పెళ్లివాళ్ల ముద్దుపేర్లో, చేసే పనులో కలిపి ఒక చక్కటి మాట అల్లాలి. చుట్టాలూ స్నేహితులూ ఫోన్లలో ఫోటో పెట్టినప్పుడల్లా కింద ఆ మాట తగిలిస్తారు. ఆ మాట మీద వేలు నొక్కితే ఆ పెళ్లి ఫోటోలన్నీ ఒక్కచోట కనబడతాయి.

చిట్టక్క చెల్లెలు పండు పిల్లల గౌన్లు కుడుతుంది. పండుకి కాబోయే భర్త రోడ్లు వేయించే ఇంజనీరు. దారి అతనిది, దారం ఆమెది. అందుకని వాళ్ల పెళ్లికి చిట్టక్క ఇచ్చిన మాట '#దారీదారం'. మూడు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుంటే తట్టిందని ఇంట్లో చెప్పింది. పెళ్లికొడుకు తండ్రి, రిటైరైన లెక్కల మేష్టారు, నలభై మంది చుట్టాల ముందు లేచి నిలబడి, ఇంత చిన్న మాటలో ఇంత పెద్ద అర్థం పట్టించిన బుర్రకి నమస్కారం అని, జేబులోని పెన్ను తీసి ఆమె చేతిలో పెట్టారు. ఆరువందల కార్డుల మీద ఆ మాట అచ్చయింది. కాఫీ కప్పుల మీద కూడా ఎక్కింది. పెళ్లి ఇంకా తొమ్మిది రోజులుంది.

ఇదీ జరిగింది. ఇక షాపులోకి వెళదాం.

టైలరమ్మ కార్డుని కౌంటరు మీద పెట్టి, చిట్టక్క చదువుకోవడానికి వీలుగా అటు తిప్పింది. మధ్యాహ్నం వేళ. షాపు యజమాని భోజనానికి వెళ్లాడు. లోపలి గదిలో అచ్చు మిషను మాత్రం ఒకే పాట పాడుతోంది. టైలరమ్మకి ముప్పై దాటి ఉండవు. భుజం మీద కొలతల టేపు అలాగే వేలాడుతోంది, తీయడం మరిచిపోయి వచ్చినట్టుంది. ఒక కస్టమరు బట్టలు కుట్టడానికిచ్చి, సంచీలో ఈ కార్డు మరిచిపోయి వెళ్లిందని చెప్పింది. కార్డు కింద ఆహ్వానించేవాళ్లలో పెళ్లికూతురి అక్కగా చిట్టక్క పేరు ఉంది.

"నన్ను గుర్తుపట్టారా?" అని అడిగింది.

తలుపు తెరుచుకున్న క్షణంలోనే చిట్టక్క గుర్తుపట్టింది. నాలుగేళ్ల కిందట ఇదే కౌంటరు ముందు, ఇదే బల్ల మీద ఈ అమ్మాయి కూర్చుంది. పక్కన డ్యూటీ దిగి నేరుగా వచ్చిన ఆమె కాబోయే భర్త, బస్సు డ్రైవరు. టోపీ తీసి మోకాలికి తగిలించుకుని కూర్చున్నాడు. ఆ రోజు చిట్టక్క రెండు గంటలు కాగితాలు నింపింది. ఇద్దరి పేర్లూ ఒకలా కలిపితే మందుల షాపు బోర్డులా వచ్చింది. ఇంకోలా కలిపితే తిట్టులా వినబడి ముగ్గురూ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. చివరికి ఆ డ్రైవరే, తనకి సంబంధం లేని విషయంలో తలదూరుస్తున్నట్టు మొహమాటపడుతూ, "నాది దారి, ఈమెది దారం. దారీ దారం అంటే ఎలా ఉంటుందండీ? బాగోకపోతే వద్దులెండి" అన్నాడు.

చిట్టక్క టక్కున రాసేసుకుంది. అదే నా నాలుక చివర ఆడుతోంది, మీరు అనేశారు అంది. అంతటితో ఆగలేదు. ఇలాంటి మాట లోకంలో ఇంకెవరికీ ఉండదు, ఇది మీ ఇద్దరి సొత్తు అని కూడా అంది. వాళ్లు వెళ్లాక ఆ మాటని షాపు నమూనాల పుస్తకంలో మొదటి పేజీలో అతికించింది. కింద తన పేరు రాసుకుంది.

ఇదంతా ఒక్క క్షణంలో కళ్ల ముందు తిరిగింది. గుర్తుపట్టానని చెప్పి, మాట కలపాలి గనక, "మీవారు బాగున్నారా?" అని అడిగింది.

"ఆయన పోయి పద్నాలుగు నెలలైందండీ" అంది టైలరమ్మ.

చిట్టక్క చేతిలో గమ్ము సీసా ఇంకా అలాగే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

టైలరమ్మ ఏడవలేదు, గొంతు పెంచలేదు. బట్ట కొలతలు చెబుతున్నంత నిదానంగా చెప్పుకొచ్చింది. డిపోలో బస్సు ఎక్కబోతూ మెట్టు మీదే కూలబడ్డాడట. ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయిందట. పెళ్లినాడు పెట్టిన ఫోటోలు యాభై దాకా ఆ మాట కింద ఉన్నాయి. అతను పోయాక ఆమె ప్రతి గురువారం ఇంకొకటి చేరుస్తోంది. గురువారం అతనికి సెలవు. బస్సు అద్దంలోంచి అతను తీసిన రోడ్ల ఫోటోలు బోలెడున్నాయి. వాన పడుతున్న రోడ్డు, గొర్రెలు అడ్డమొచ్చిన రోడ్డు, ఎవరూ లేని రోడ్డు. వారానికొకటి చొప్పున పెడుతోంది. తన కోసం కాదు, అత్తగారి కోసం. ఆవిడకి చదువు రాదు. ఫోన్‌లో ఎక్కడ నొక్కితే కొడుకు కనిపిస్తాడో అది ఒక్కటే నేర్పించింది. ఆవిడ పొద్దున్నే లేచి మొహం కడుక్కోగానే ఆ మాట మీద వేలు పెట్టి కొడుకుని చూసుకుంటుంది. ఆ తర్వాతే కాఫీ.

"మొన్న పొద్దున నొక్కితే మావారు లేరండీ" అంది టైలరమ్మ. "ఎవరివో డాన్సులు, కప్పులు, కార్డులు. రెండువందల ఫోటోలు. ఆయన ఎక్కడో అడుగున పడిపోయారు."

చిట్టక్క తల దించుకుంది. ఆ ఫోటోలు పెట్టమని చుట్టాలందరికీ ఫోన్లు చేసి పోరు పెట్టింది తనే.

టైలరమ్మ కార్డు మీద వేలు ఆనించి మిగతాది చెప్పింది. ఆ ఫోటోల్లో అన్నిటికన్నా పైన ఉన్నది, ఒక మగ చెయ్యీ ఒక ఆడ చెయ్యీ కలిసి కార్డు పట్టుకున్న ఫోటో. మొహాలు లేవు. ఆ ఆడ చేతి వేళ్ల నిండా సూది గుచ్చుకున్న మచ్చలు. అత్తగారు అది చూసి, కోడలు తనకి చెప్పకుండా ఇంకో పెళ్లి చేసుకుంటోందనుకుంది. అదీ తన కొడుకు మాటనే పెట్టుకుని. రెండు రోజులుగా పలకడం లేదు. వండింది ముట్టుకోవడం లేదు. ఈ పొద్దున బట్టలు సంచీలో సర్దుకుని, చెల్లెలింటికి పోతాను, నన్ను బస్సెక్కించు అంది. కాదత్తయ్యా, అది వేరేవాళ్లది అని ఎంత చెప్పినా నమ్మడం లేదు. ఆ మాట ఇంకెవరికీ ఉండదని కదా చెప్పారు, మరి వేరేవాళ్ల దగ్గరికి ఎలా పోయింది అంటోంది.

"మీరు ఒక్కసారి వచ్చి మీ నోటితో చెబుతారా? అడగడానికే వచ్చాను. కార్డులు మార్చమని కాదు. పెళ్లి పనుల్లో ఉన్నారు, నాకు తెలుసు" అంది. తర్వాత, చిట్టక్క మొహం చూసి జాలిపడ్డట్టు, "మీరు ఎంతమందికి కడతారో. మాది మర్చిపోయి ఉంటారు. గొడవ పెట్టుకోవడానికి రాలేదండీ" అంది.

దారి తానే చూపించి, తలుపు తానే తెరిచి పట్టుకున్నట్టుంది ఆ మాట. చిట్టక్క ఆ తలుపులోంచి దూరిపోయింది.

"అవునండీ. మర్చిపోయాను" అంది.

అన్నాక చెవులు వేడెక్కాయి. మర్చిపోవడమా? పండు వచ్చి, అక్కా ఆయనకి రోడ్ల పని, నాకు కుట్టుపని, ఏదైనా మంచి మాట చెప్పవే అన్న మరుక్షణం ఆమెకి ఆ డ్రైవరు మోకాలి మీది టోపీతో సహా గుర్తొచ్చింది. వేరే మాట కోసం వెతికిన మాట నిజం. ఒక పూట వెతికింది. ఒక్కటీ కుదరలేదు. పదమూడేళ్లుగా ఊళ్లో వాళ్లందరికీ మాటలు కట్టి, సొంత చెల్లెలికి కట్టలేకపోయిందంటే ఏం బాగుంటుంది? వాళ్ల పెళ్లై నాలుగేళ్లైంది, ఎవరు చూడొచ్చారు అనుకుంది. అలా అనుకున్నది కూడా బాగా గుర్తుంది.

లోపల అచ్చు మిషను నడిపే ఆయనతో పది నిమిషాల్లో వస్తానని చెప్పి బయల్దేరింది.

వాళ్ల ఇల్లు రెండు వీధుల అవతల. దారిలో టైలరమ్మే మాట్లాడింది. ఎండ ఎక్కువగా ఉందంది. మీ చెల్లెలు ఏ కంపెనీ దారం వాడుతుంది అని అడిగింది. తెల్ల గౌన్లకి ఫలానా దారం వాడితే ఉతికాక పసుపెక్కదు, ఆమెకి చెప్పండి అంది. చిట్టక్క ప్రతిదానికీ తలూపింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. నడిరోడ్డు మీద నిలబెట్టి నాలుగు దులిపినా ఇంతకన్నా తేలిగ్గా ఉండేది. ఇస్త్రీ బండి దగ్గర ఎవరో పలకరిస్తే టైలరమ్మ, షాపు మేడమ్ గారు మా ఇంటికొస్తున్నారు అని మర్యాదగా చెప్పింది. ఆ 'గారు' చిట్టక్కకి మేకులా దిగింది.

మెట్లెక్కితే రెండో అంతస్తులో ఒకే పెద్ద గది, దాని వెనక వంటిల్లు. కిటికీ దగ్గర కుట్టుమిషను, కింద రంగురంగుల బట్టపేలికలు. గోడకి ఆనించిన మంచం మీద పెద్దావిడ కూర్చుని ఉంది. కాళ్ల దగ్గర కట్టిపెట్టిన సంచీ. ఒళ్లో ఫోన్. బక్కపల్చని మనిషి. తల చక్కగా దువ్వుకుంది, ప్రయాణానికి సిద్ధమైన మనిషిలా.

కోడలు, ఈవిడే అత్తయ్యా, కార్డుల షాపు మేడమ్ అంది. పెద్దావిడ కోడలి వైపు చూడలేదు. చిట్టక్కనే చూసి, కూర్చోమన్నట్టు మంచం మీద చోటిచ్చింది. చిట్టక్క కుర్చీ ఉన్నా నేల మీదే కూర్చుంది. ఎందుకలా కూర్చుందో ఆమెకే తెలియదు.

"చూడు తల్లీ, ఇది మా కోడలి చెయ్యి కాదూ?" అని పెద్దావిడ ఫోన్ ముందుకు చాపింది. "చెప్పి చేసుకుంటే నేనే దగ్గరుండి చేసేదాన్ని. చిన్న వయసు. నేను కాదంటానా? చెప్పకపోవడమే నాకు..."

చిట్టక్క తన ఫోన్ తీసింది. పండు ఫోటోలు ఒక్కొక్కటే చూపించింది. మిషను ముందు కూర్చున్న పండు, గౌను పట్టుకుని నవ్వుతున్న పండు, అదే చేతులూ అదే మచ్చలూ మొహంతో సహా కనబడే పండు. ఇది మా చెల్లెలమ్మా, ఇతను దానికి కాబోయే భర్త, మీ కోడలికి దీంతో ఏ సంబంధమూ లేదు అని చెప్పింది. పెద్దావిడ రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. వేలితో ఆ చేతి మచ్చలు లెక్కపెడుతున్నట్టు తడిమింది. తర్వాత మెల్లిగా తలెత్తి కోడలిని చూసింది. రెండు రోజుల తర్వాత చూడటం.

"నేను నిన్ను ఎంత మాటన్నానే" అంది.

కోడలు వెళ్లి సంచీ ముడి విప్పి, బట్టలు తీసి, ఒక్కొక్కటే అలమరలో పెట్టడం మొదలుపెట్టింది. పెద్దావిడ కళ్లొత్తుకుంది. చిట్టక్క ఇక వెళ్లొస్తానని లేవబోయింది. అప్పుడే లేచి వెళ్లిపోయి ఉంటే ఈ కథ ఇక్కడి నుంచి ఇంకోలా ఉండేది. కానీ పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నువ్వేనా ఆ పిల్లవి?" అంది, ముఖంలో వెలుగొచ్చి. "మావాడు నీ గురించి ఎన్నిసార్లు చెప్పాడనీ. షాపులో ఒక మేడమ్ ఉందమ్మా, రెండు గంటలు మాకోసం కూర్చుని ఎంత చక్కటి మాట కట్టి ఇచ్చిందో అనేవాడు. బస్సెక్కిన వాళ్లకి కూడా చెప్పేవాడట. పెళ్లి పెట్టుకున్నవాళ్లెవరైనా కనిపిస్తే, ఫలానా షాపుకి వెళ్లండి, ఆవిడ మాటల్లో దిట్ట అని పంపించేవాడు. వచ్చారా ఎవరైనా?"

వచ్చారు. చిట్టక్కకి గుర్తుంది. ఒక ఏడాదంతా బస్సు డ్రైవరు పంపించాడంటూ జంటలు వచ్చారు. ఎవరో ఏమిటో అనుకుని ఊరుకుంది.

ఆమె తిరిగి టైలరమ్మ వైపు చూసింది. టైలరమ్మ అలమర వైపు తిరిగి బట్ట మడత పెడుతోంది. ఆ మడత అప్పటికే పెట్టి ఉంది. విప్పి మళ్లీ పెడుతోంది. అంటే ఈమెకి తెలుసు. భర్త నోట ఆ మాట మొదట విన్నది పక్కనే కూర్చున్న ఈమే. అతను ఆ గొప్పని తనకి ఎందుకిచ్చాడో కూడా ఈమెకి తెలిసే ఉంటుంది. రెండు గంటలు కష్టపడి ఏమీ తేలక చిన్నబుచ్చుకున్న ఒక షాపు మనిషిని చూసి, పోనీలే పాపం అనుకున్నాడు. అంతే. తను దొంగిలించాననుకున్నది అతను దానంగా ఇచ్చేశాడు. ఆ దానాన్ని తీసుకెళ్లి తను పేజీకి అతికించుకుంది, చెల్లెలికి కట్నంలా ఇచ్చింది, నలభై మంది ముందు నమస్కారాలు అందుకుంది.

పెద్దావిడ చెయ్యి ఇంకా ఆమె చేతి మీదే ఉంది. పొడిగా, వెచ్చగా ఉంది ఆ చెయ్యి. తీసేసుకుందామంటే ధైర్యం చాలలేదు.

"అమ్మా, ఆ మాట నేను కట్టలేదు" అంది చిట్టక్క. "మీ అబ్బాయే కట్టాడు. నాకు ఆ రోజు ఏమీ తోచలేదు. ఆయన అన్నాడు, నేను రాసుకున్నాను. నాదని చెప్పుకున్నాను."

పెద్దావిడకి వెంటనే బోధపడలేదు. "మావాడా? మాట కట్టాడా?" అని కోడల్ని అడిగింది. కోడలు అవునత్తయ్యా అంది. పెద్దావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. పదో క్లాసు మూడుసార్లు తప్పినవాడమ్మా అంది. కాసేపటికి మళ్లీ ఫోన్ తీసుకుని ఆ అక్షరాల మీద వేలు పెట్టింది. చదవడం రాదు గనక ఆ అక్షరాలు ఆవిడకి ఇన్నాళ్లూ ఒక గుర్తు మాత్రమే. ఇప్పుడు ఏ అక్షరం ఏదో చెప్పమని కోడల్ని అడిగింది. కోడలు పక్కన కూర్చుని, ఇది దా, ఇది రీ అని చూపించింది.

అంతా చూసి పెద్దావిడ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, మరి మీ చెల్లెలి పెళ్లికి అదే ఎందుకు పెట్టావమ్మా అని అడిగింది. అందులో నిష్ఠూరం లేదు. తెలుసుకోవాలని అడిగింది.

చిట్టక్క నోరు తెరిచేలోగా టైలరమ్మే అందుకుంది. "ఆవిడ మర్చిపోయారత్తయ్యా. వందల పెళ్లిళ్లకి రాస్తారు, ఎన్నని గుర్తుంటాయి? కావాలని చేయలేదు" అంది.

తన తరఫున వాదించాల్సిన అవసరం ఈ ప్రపంచంలో ఏమాత్రం లేని మనిషంటూ ఉంటే అది ఈమె. ఆమే వాదిస్తోంది. ఊరుకుంటే సరిపోతుంది. తలూపి, చెప్పులు వేసుకుని, మెట్లు దిగితే సరిపోతుంది. ముసలావిడ రాత్రికి అన్నం తింటుంది, కోడలు మిషను తొక్కుకుంటుంది, పండు పెళ్లి జరిగిపోతుంది. చిట్టక్క ఇదంతా ఆలోచించింది. ఆలోచించినందుకు తర్వాత చాలా రోజులు తనని తాను తిట్టుకుంది.

"మర్చిపోలేదండీ" అంది.

టైలరమ్మ ఆమె వైపు చూసింది.

"ఇందాక షాపులో మీతో అబద్ధం చెప్పాను. నాకు అన్నీ గుర్తున్నాయి. మీవారు టోపీ మోకాలికి తగిలించుకోవడం కూడా గుర్తుంది. మీదని తెలిసే తీసుకున్నాను. ఎవరూ చూడరనుకున్నాను."

కింద వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయడానికి పదే పదే తంతున్నారు. టైలరమ్మ లేచి మిషను దగ్గరికి వెళ్లి, స్టూలు మీద కూర్చుని, చక్రం మీద చెయ్యి వేసింది. తిప్పలేదు.

"రెండు రోజులుగా నేను పట్టుకుని ఉన్నది అదొక్కటేనండీ, మర్చిపోయి ఉంటారన్నది" అంది, వెనక్కి తిరక్కుండానే. "అందుకే మర్యాదగా రాగలిగాను. లేకపోతే ఆ గాజు తలుపు పగలగొట్టి వచ్చేదాన్ని."

చిట్టక్క క్షమించమని అనబోయి ఆగింది. ఆ మాటా కార్డుల మీద అచ్చేసే మాటల్లాంటిదే అనిపించింది. పెద్దావిడ మాత్రం ఆమె చెయ్యి వదల్లేదు. గట్టిగా పట్టుకోనూ లేదు.

సరిగ్గా అప్పుడు చిట్టక్క ఫోన్ మోగింది. పండు.

తీయకుండా ఉందామనుకుంది. ఆగి, మళ్లీ మోగింది. పెద్దావిడ, తియ్యమ్మా, పెళ్లివారిల్లు, ఏం పనో ఏమో అంది. తీసింది.

పండు గొంతు సన్నగా, ఎక్కడో గుంతలోంచి వస్తున్నట్టుంది. అమ్మా నాన్నా నేనూ మేష్టారింట్లో ఉన్నామక్కా అంది. పెళ్లికొడుకు పెద్దమ్మ ఒకావిడ మన మాట నొక్కి ఫోటోలు చూస్తూ చూస్తూ కిందికి వెళ్లిందట. కింద వేరే పెళ్లి ఉందట. నాలుగేళ్ల కిందటిది. పెళ్లికొడుకు బస్సు డ్రైవరట, ఇప్పుడు లేడట. శుభమా అని పెళ్లి పెట్టుకుంటే చనిపోయినవాడి మాట అంటగట్టారని పెద్దమ్మ గొడవ చేస్తోంది. మేష్టారు మాత్రం ఆ గొడవ పట్టించుకోలేదు. శుభం అశుభం నాకు తెలియదు, నాకు ఒక్కటే తెలియాలి అంటున్నారు. ఇక్కడ పండు ఆగింది. ఆ మేష్టారు సొంత కొడుక్కే, పక్కవాడి లెక్క చూసి రాశాడని, సున్నా వేసి, ఏడాదంతా మళ్లీ అదే క్లాసులో కూర్చోబెట్టిన మనిషి. ఆ సంగతి రెండు కుటుంబాల్లోనూ అందరికీ తెలుసు.

"అక్కా, ఆ మాట నువ్వే కట్టావు కదూ? అలా కలిసిపోయిందంతే కదూ? అవునని చెప్పు. నేను వాళ్లకి చెబుతాను" అంది పండు.

చిట్టక్క చెల్లెల్ని ఎత్తుకుని పెంచింది. దాని మొదటి గౌను మెడ వంకర పోతే విప్పి మళ్లీ కుట్టించింది. తెల్లారి లేస్తే అక్కా అక్కా అని కొంగు పట్టుకుని తిరిగిన పిల్ల. అవునంటే చాలు, అటువైపు అంతా చల్లబడుతుంది. ఒకే ఆలోచన ఇద్దరికి రావడం లోకంలో లేనిదేమీ కాదు. కానీ ఇటువైపు మంచం మీద ఒకరు, మిషను దగ్గర ఒకరు, ఇద్దరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు.

"కాదే పండూ" అంది. "నేను కట్టలేదు. ఆ డ్రైవరుగారే కట్టారు. తెలిసే నీకిచ్చాను. నేనిప్పుడు ఆయన తల్లి ముందే కూర్చున్నాను."

ఫోన్ తెగిపోయిందేమో అని చిట్టక్క చూసుకుంది. తెగలేదు. చాలాసేపటికి పండు, "అక్కా, ఫోన్ స్పీకర్లో ఉందే. ఇక్కడ అందరూ ఉన్నారు" అంది. అది కోపం కాదు. కోపమైతే చిట్టక్క ఓర్చుకునేది.

తర్వాత వినబడింది పండు గొంతు కాదు. మేష్టారిది. ఆయన చిట్టక్కని ఒక్క మాట కూడా అడగలేదు. ఆ పెన్ను ఊసెత్తలేదు. ఎవరో పరాయి మనిషితో మాట్లాడినంత మర్యాదగా, "ఆ తల్లికి ఒకసారి ఫోన్ ఇవ్వమ్మా" అన్నారు.

చిట్టక్క ఫోన్ అందించింది. పెద్దావిడ రెండు చేతులతో అందుకుని చెవికి ఆనించుకుంది. అటు మాట ఇటు వినబడలేదు. ఆఁ, నేనే బాబూ అంది. చాలాసేపు వింది. మధ్యలో ఒకసారి కోడలి వైపు, ఒకసారి చిట్టక్క వైపు చూసింది. "అంత మాట అనకండి బాబూ, ఆ పిల్ల ఏం చేసింది?" అంది. ఏ పిల్ల గురించో చిట్టక్కకి అర్థం కాలేదు. మళ్లీ వింది. చివరికి, సరే, రండి, మా ఇల్లు చిన్నది అని చెప్పి ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

టైలరమ్మ లేచి నిలబడింది. ఏమన్నారత్తయ్యా అని అడిగింది.

"ఆయనా, కొడుకూ, ఈ అమ్మాయి అమ్మానాన్నా ఐదింటికి ఇక్కడికే వస్తున్నారట. నాతో మాట్లాడకుండా పెళ్లి సంగతి ఏదీ తేల్చరట" అంది పెద్దావిడ. తర్వాత చిట్టక్క మోకాలి మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించింది.

"మీ చెల్లెలు మాత్రం రానందట తల్లీ. పెళ్లికొడుకు తొడిగిన ఉంగరం తీసి బల్ల మీద పెట్టేసి, ఎక్కడికో చెప్పకుండా ఇందాకే గుమ్మం దాటిందట."